గుర్రాన్ని కట్టే గుంజ

నమస్కారం అండీ. ఇవాళ మనం చాలా దూరం వెళ్దాం, సైబీరియాలో లేనా నది పారే సఖా నేలకి, యకూతియా అని కూడా అంటారు, రష్యాలో ఒక రిపబ్లిక్. సైజు చూస్తే దాదాపు మన ఇండియా అంత ఉంటుంది, జనం మాత్రం పది లక్షల చిల్లర, చలికాలంలో మైనస్ 50 డిగ్రీలంటే అక్కడ మామూలు సంగతి.

ఆ చలి రాత్రుల్లో ఒకాయన పొయ్యి దగ్గర కూర్చునేవాడు, కాలు మీద కాలేసుకుని, చెంపకి చెయ్యి ఆనించుకుని. పక్కన వాయిద్యం లేదు, వంత పాడేవాళ్లు లేరు, ఒక్క గొంతే. కథ నడిపేటప్పుడు గబగబా చెప్పుకుపోతాడు, పాత్ర నోరు విప్పిందంటే పాట ఎత్తుకుంటాడు, వీరుడికో గొంతు, రాక్షసుడికో గొంతు, గుర్రానికి ఇంకో గొంతు. వినేవాళ్లు మధ్యమధ్యలో "నో!" అంటారు, మనం ఊ కొడతాం చూడండి, అలా. ఈ కథాగానం పేరు ఒలోంఖో, చెప్పేవాళ్లని ఒలోంఖోసుత్ అంటారు. పదివేలు, పదిహేనువేల పాదాలుండటం మామూలే, రాత్రుల తరబడి సాగుతుంది. 2005లో యునెస్కో దీన్ని మానవజాతి వారసత్వంగా గుర్తించింది.

కథ మొదలవ్వగానే యుద్ధం రాదు. ముందు లోకాన్ని కట్టాలి. ఎనిమిది అంచుల, ఎనిమిది మూలల భూమి అంటూ ఎత్తుకుని, దాని నడిమధ్యలో ఒక చెట్టుని నిలబెడతాడు, ఆల్ లూక్ మాస్. వేళ్లు కింది లోకంలో, కొమ్మలు పై లోకంలో, మానేమో మనుషులుండే నడిమి లోకంలో. ఆ చెట్టులో ఒక తల్లి ఉంటుంది, భూమి దేవత. ఎర్ సొగొతోఖ్ అనే వీరుడున్నాడు, ఆ పేరుకి అర్థమే ఒంటరివాడని, అమ్మ ఎవరో నాన్న ఎవరో తెలీదు. ఇలాంటి కథల్లో వీరుడు చెట్టు దగ్గరకొచ్చి నేనెవర్ని అని అడుగుతాడు, మానులోంచి నడుం దాకా ఆ తల్లి బయటికొచ్చి, రొమ్ము పాలు పట్టి, నువ్వు ఫలానా వాళ్ల బిడ్డవి నాయనా అని చెప్పి దీవించి పంపుతుంది. ఇది ఎన్నిసార్లు తల్చుకున్నా నాకు గుండె తడవుతుంది.

ఇప్పుడు అసలు సంగతి. సఖా వాళ్ల ఇంటి ముందు గుర్రాన్ని కట్టే గుంజ ఒకటి ఉంటుంది, సెర్గే అంటారు, చెక్కిన కొయ్య. ఆ గుంజ వాళ్ల కంటికి ఆ చెట్టే. అంటే మూడు లోకాల్ని కలిపే చెట్టు ఎక్కడో లేదు, రోజూ పగ్గం కట్టే చోటే ఉంది. గుర్రాలూ పశువులే బతుకైన జనం కదా, వాళ్ల దేవుళ్లలో గుర్రాలనిచ్చే జోసొగోయ్ ఉన్నాడు, కాన్పుల్ని చూసుకునే ఐయీసిత్ అనే అమ్మ ఉంది, వీరుడి గుర్రమైతే మాట్లాడుతుంది కూడా, దారి చెబుతుంది, తప్పు చేస్తున్నావని హెచ్చరిస్తుంది.

రాక్షసుల్ని అబాసీలంటారు. వాళ్ల రూపం చూడండి, ఒంటి కన్ను, ఒంటి చెయ్యి, ఒంటి కాలు, ఒంట్లో అంతా ఇనుమే. వాళ్ల లోకంలో సూర్యుడు విరిగిన ముక్క, చంద్రుడు సగం, వెలుతురు చేపలుడికించిన నీళ్లలా మసగ్గా ఉంటుందట. అన్నీ సగమే. నాకనిపించేది ఏంటంటే, ఇక్కడ చెడు అంటే జత లేనితనం, పూర్తికాకపోవడం, అందుకే కాబోలు వాళ్లు పదేపదే నడిమి లోకానికొచ్చి ఆడపిల్లల్ని ఎత్తుకుపోతుంటారు. అలాగని పైన మంచి కింద చెడు అని లెక్క వేసుకోవద్దు, పై లోకంలోనూ అబాసీలుంటారు, వాళ్ల పెద్ద ఉలూ తొయోన్.

న్యుర్గున్ బోతూర్ కథలో దేవతలు ఆ వీరుణ్ణి నడిమి లోకానికి దింపేది కూడా ఈ అబాసీల నుంచి మనుషుల్ని కాపాడటానికే. దీన్ని 1930లలో ప్లతోన్ ఒయూన్‌స్కీ అనే సఖా రచయిత 36 వేలకు పైగా పాదాల్లో రాసిపెట్టాడు. ఆయన్ని 1938లో, స్టాలిన్ కాలంలో, అరెస్ట్ చేశారు, మరుసటి ఏడాదే జైల్లో చనిపోయాడు, నిర్దోషి అని ప్రకటించింది 1955లో. కథ మాత్రం మిగిలింది.

ఇప్పటికీ జూన్‌లో పగళ్లు బాగా పొడవయ్యాక ఇసియాఖ్ పండగ చేస్తారు, ఆ మాటకి చిలకరించడం అని అర్థం. గుర్రప్పాలు పులియబెట్టిన కుమిస్‌ని చొరోన్ అనే చెక్క పాత్రలో పోసి, ముందు నిప్పుకి, నేలకి చిలకరించి దీవెన చదువుతారు, చేతులు పట్టుకుని గుండ్రంగా తిరుగుతూ పాడతారు, తెల్లారేసరికి అందరూ అరచేతులు సూర్యుడి వైపు చాచి నిలబడతారు. చుట్టూ పచ్చిక, మధ్యలో సెర్గే.