పక్క చానల్ ఎప్పుడూ ఉన్న చోట: తూర్పు జర్మనీ టెలివిజన్ చరిత్ర

సభకు నమస్కారం.

ప్రభుత్వం గుప్పిట్లో ఉన్న టెలివిజన్ గురించి మాట్లాడమని నిర్వాహకులు అడిగారు. దేశాల పేర్లు వరసగా చెప్పుకుంటూ పోవడం నాకు ఇష్టం లేక ఒక్క సంస్థనే ఎంచుకున్నాను. అది ఇప్పుడు లేదు. 1991 డిసెంబర్ 31 అర్ధరాత్రితో దాని ప్రసారాలు ముగిశాయి. తూర్పు జర్మనీ ప్రభుత్వ టెలివిజన్ అది. మధ్యలో కొంతకాలం పేరు మారినా పుట్టినప్పుడూ పోయేటప్పుడూ దాని పేరు 'డాయిచర్ ఫెర్న్‌జేఫుంక్', అంటే 'జర్మన్ టెలివిజన్'. పొట్టిగా డీఎఫ్ఎఫ్ అందాం.

నియంతృత్వ దేశాల్లో సర్కారు టెలివిజన్‌కు మామూలుగా పోటీ ఉండదు. ఎనభైల్లో దూరదర్శన్ ఒక్కటే వచ్చే ఇళ్లలో పెరిగిన మనకు ఆ సంగతి సులువుగా అర్థమవుతుంది: నచ్చకపోతే కట్టేయాలి, అంతే. తూర్పు జర్మనీలో అలా కాదు. దేశంలో అత్యధిక ప్రాంతాల్లో, అదే సెట్టులో, తమ మాతృభాషలోనే పశ్చిమ జర్మనీ చానళ్లు వచ్చేవి. స్టూడియో, కెమెరా, ప్రసార స్తంభం, జీతాలు, స్క్రిప్టు, అన్నీ దేశాన్ని ఏలే కమ్యూనిస్టు పార్టీవే. చూసే మనిషి మాత్రం పార్టీకి దక్కలేదు. ఈ ఒక్క విషయాన్ని పట్టుకుంటే ఆ సంస్థ నలభై ఏళ్ల నడక మొత్తం అర్థమవుతుంది.

బెర్లిన్ ఆగ్నేయ శివారులో ఆడ్లర్స్‌హోఫ్ అనే పేట ఉంది. అక్కడి నుంచి 1952 డిసెంబర్ 21న ప్రయోగాత్మక ప్రసారాలు మొదలయ్యాయి. ఆ తేదీ స్టాలిన్ పుట్టినరోజు. పశ్చిమ జర్మనీలో హాంబర్గ్ నుంచి రోజువారీ ప్రసారాలు మొదలైంది నాలుగు రోజుల తర్వాత, క్రిస్మస్ నాడు. ముందు మేమే అని చెప్పుకోవడానికి పార్టీకి ఆ నాలుగు రోజులు చాలు. కానీ చూడటానికి నగరంలో ఉన్న సెట్లు వందలోపే. డ్రెస్డెన్ పక్కన రాడెబెర్గ్ ఫ్యాక్టరీలో 'లెనిన్‌గ్రాడ్' అనే సెట్లు తయారవుతూనే ఉన్నాయి గానీ, అవి యుద్ధ పరిహారం కింద సోవియట్ యూనియన్‌కు వెళ్లేవి. 1956 జనవరి 3న ప్రయోగ దశ ముగిసి డీఎఫ్ఎఫ్ అధికారికంగా మొదలైంది. 1960 చివరికల్లా సెట్లు పది లక్షలు దాటాయి.

మొదట్లో పాలకుల ఆశ చాలా పెద్దది. ఈ టెలివిజన్ తూర్పు వాళ్లకే కాదు, జర్మన్లందరికీ అనుకున్నారు. అందుకే పేరులో రాజ్యం పేరు పెట్టలేదు. పశ్చిమ జర్మనీ ఇళ్లలోకి కూడా తమ మాట వెళ్లాలంటే అక్కడి సెట్లు అందుకోగల పద్ధతిలో ప్రసారం చేయాలి. సోవియట్ కూటమిలో చిత్రాన్ని మోసే తరంగానికీ ధ్వనిని మోసే తరంగానికీ మధ్య ఎడం 6.5 మెగాహెర్ట్జ్. పశ్చిమ యూరప్‌లో 5.5. డీఎఫ్ఎఫ్ మొదట తూర్పు పద్ధతిలోనే నడిచి, కొద్ది కాలానికే పశ్చిమ పద్ధతికి మారింది. తమ మాట అటు చేరాలని తీసుకున్న నిర్ణయం అది. కానీ దానివల్ల తమ పౌరుల సెట్లు కూడా పశ్చిమ చానళ్లను బొమ్మా మాటా రెండింటితో చక్కగా అందుకున్నాయి. ఈ చరిత్రలో అన్నిటికన్నా పెద్ద మలుపు ఇదే అని నా అభిప్రాయం. ప్రచారం ఎదుటివాడి ఇంట్లోకి వెళ్లాలని తెరిచిన తలుపు రెండు వైపులా తెరుచుకుంది.

దాన్ని మూయడానికి ప్రయత్నం జరగకపోలేదు. 1961 ఆగస్టులో బెర్లిన్ గోడ లేచింది. మనుషులు దాటకుండా గోడ కట్టారు సరే, తరంగాలను ఆపడం ఎలా? పార్టీ యువజన సంఘం కార్యకర్తలను ఇళ్ల కప్పుల మీదికి పంపారు. పశ్చిమం వైపు తిరిగిన యాంటెన్నాలను తిప్పించారు, కొన్నిచోట్ల విరగ్గొట్టారు. సరిహద్దుకు అవతల బవేరియాలో ఓక్సెన్‌కోప్ఫ్ కొండ మీది ప్రసార కేంద్రం పేరే ఈ దాడులకు పెట్టారు. జనం ఏం చేశారు? యాంటెన్నాలను అటకల్లోకి మార్చుకున్నారు. పశ్చిమ టీవీ చూడకూడదని నేరుగా నిషేధించే చట్టం లేదు. కానీ బడిలో పిల్లలను టీచర్లు రాత్రి వార్తల ముందు వచ్చే గడియారం ఎలా ఉంటుందని అడిగి, ఆ జవాబును బట్టి ఇంట్లో ఏ చానల్ చూస్తున్నారో కనిపెట్టేవారని ఆ తరం వాళ్లు చాలామంది చెబుతారు. పసిపిల్లల చేత తల్లిదండ్రుల మీద సాక్ష్యం చెప్పించడం అది. ఇంతకన్నా హీనమైన పని నాకు తోచదు.

పన్నెండేళ్ల తర్వాత రాజ్యమే తగ్గింది. 1971లో అంతవరకు పార్టీని నడిపిన ఉల్బ్రిక్ట్ స్థానంలో ఎరిక్ హోనెకర్ పార్టీ అధినేత అయ్యాడు. ఆ ఏడాది పార్టీ మహాసభలోనే మన టెలివిజన్ కొంత విసుగ్గా ఉంటోంది, దాన్ని పోగొట్టాలి అన్నాడు. 1973లో, పశ్చిమ రేడియో టీవీలను మన దగ్గర ఎవరైనా తమ ఇష్టప్రకారం పెట్టుకోవచ్చు, కట్టుకోవచ్చు అని కేంద్ర కమిటీ సమావేశంలోనే బాహాటంగా ఒప్పుకున్నాడు. అప్పటికి సంస్థ పేరు కూడా 'జీడీఆర్ టెలివిజన్' అని మారిపోయింది. జీడీఆర్ అంటే జర్మన్ డెమొక్రాటిక్ రిపబ్లిక్, తూర్పు జర్మనీ అధికారిక పేరు. జర్మన్లందరితో మాట్లాడాలన్న ఆశ అక్కడితో వదులుకున్నట్టే.

ఆ పోటీకి పార్టీ ఇచ్చిన జవాబుల్లో అందరికీ తెలిసింది కార్ల్ ఎడ్వర్డ్ ఫాన్ ష్నిట్స్‌లర్. 1960 మార్చి 21 నుంచి 1989 అక్టోబర్ 30 దాకా, సోమవారం రాత్రుల్లో ఆయన 'నల్ల చానల్' అనే కార్యక్రమం నడిపాడు. మొత్తం 1,519 భాగాలు. పశ్చిమ టీవీలో వచ్చిన వార్తల ముక్కలు చూపించి, అవి ఎలా అబద్ధాలో చెప్పడం ఆయన పని. దీనికి ముందు జనం ఇష్టపడే పాత సినిమా ఒకటి వేసేవారు. సినిమా అయ్యాక సెట్టు దగ్గరికి లేచి వెళ్లేలోపు కొందరైనా చిక్కుతారని ఆశ. దాని మీద దేశమంతా ఒక జోకు తిరిగింది. తూర్పు జర్మనీలో కాలానికి అతి చిన్న కొలత 'ష్ని' అట. వ్యాఖ్యాత ఆయన పేరు పూర్తి చేయకముందే చానల్ మార్చేయడానికి పట్టే సమయం. ముప్పై ఏళ్ల శ్రమ, రాజ్యం అండ, సొంత కార్యక్రమం అన్నీ ఉన్న మనిషికి జనం ఇచ్చిన తీర్పు అది. ఇంకో సంగతి గమనించండి: పశ్చిమ టీవీని రోజూ చూసేవాళ్లు ఉన్నారని ఒప్పుకుంటేనే ఆ కార్యక్రమానికి అర్థం ఉంటుంది. అంటే ప్రతి సోమవారం తన ఓటమిని తానే ప్రసారం చేసుకుంది ఆ రాజ్యం.

రోజూ రాత్రి ఏడున్నరకు వచ్చే వార్తల పేరు 'ఆక్ట్యుయెల్లె కామెరా'. పశ్చిమాన ఒక చానల్ వార్తలు ఏడింటికి, మరో చానల్ వార్తలు ఎనిమిదింటికి. ఆ రెండింటి మధ్య దీన్ని ఇరికించారు. హోనెకర్ పేరు వచ్చిన ప్రతిసారీ 'కేంద్ర కమిటీ ప్రధాన కార్యదర్శి, రాజ్య మండలి అధ్యక్షుడు' అన్న బిరుదులన్నీ పూర్తిగా చదవాలి. ఏది ముందు, ఏది తర్వాత, ఏ మాట వాడాలి అన్నది పార్టీలో ప్రచార విభాగం చూసే యోఆఖిమ్ హెర్మాన్ కార్యాలయం నుంచి వచ్చేది. కొన్ని వార్తలను హోనెకర్ స్వయంగా దిద్దేవాడు. దేశాధినేత కూర్చుని వార్తా పాఠంలో మాటలు మారుస్తున్నాడంటే ఆ వార్త మీద ఆయనకు ఎంత నమ్మకమో ఊహించండి. నమ్మకం ఉన్న చోట అంత కాపలా అక్కర్లేదు. అరకొర సరుకుతో ఖాళీగా ఉన్న దుకాణాల్లో నిలబడి వచ్చిన గృహిణి, ఇంటికి రాగానే ప్రణాళికా లక్ష్యాలు మించిపోయాయని వినేది. అబద్ధమని తేల్చుకోవడానికి ఆమెకు పశ్చిమ చానల్ కూడా అక్కర్లేదు. చేతిలో సంచి చాలు.

పశ్చిమ ప్రసారాలు అందని ప్రాంతాలు కొన్ని ఉండేవి: ఎల్బే లోయలో డ్రెస్డెన్ చుట్టుపక్కల, ఈశాన్యాన గ్రైఫ్స్‌వాల్డ్ వైపు. వీటిని 'ఏమీ తెలియనివాళ్ల లోయ' అని మిగతా జనం ఆటపట్టించేవారు. లెక్క ప్రకారం చూస్తే, పశ్చిమ ప్రచారం సోకని డ్రెస్డెన్ ప్రజలు రాజ్యంతో ఎక్కువ సంతృప్తిగా ఉండాలి. జరిగింది తలకిందులు. దేశం విడిచి వెళ్లడానికి అనుమతి కోరుతూ పెట్టుకున్న దరఖాస్తులు జనాభా నిష్పత్తిలో అక్కడి నుంచే ఎక్కువ. తర్వాతి కాలంలో పరిశోధకులు నాటి సర్వేలను, రాజ్యం రికార్డులను తీసి చూస్తే, పశ్చిమ టీవీ అందుబాటులో ఉన్నవాళ్లే జీవితంతో కాస్త సర్దుకుపోయారని తేలింది. సాయంత్రం ఒక సీరియలో సినిమానో చూసి ఊపిరి పీల్చుకునేవారు. ఆ కాస్త వెసులుబాటు కూడా లేని చోట విసుగు ముదిరి దరఖాస్తుగా మారింది. టీవీయే గోడను కూల్చిందని తేలిగ్గా చెప్పేవాళ్లు ఈ సంగతి దగ్గర ఒక్క క్షణం ఆగాలి.

ఇంతవరకు విని ఆడ్లర్స్‌హోఫ్‌లో అందరూ బాకాలు ఊదేవాళ్లే అనుకుంటే అది అన్యాయం. రాజకీయం కన్ను అంతగా పడని మూలల్లో అసలైన కళాకారులు పనిచేశారు. 1959లో పిల్లలను నిద్రపుచ్చే బొమ్మ కార్యక్రమం ఒకటి పశ్చిమ బెర్లిన్‌లో రాబోతోందని తెలిసి, గేర్‌హార్ట్ బేరెంట్ అనే కళాకారుడు కొద్ది వారాల్లోనే ఒక తోలుబొమ్మంత సరళమైన, గడ్డం ఉన్న బుల్లి తాతను తయారుచేశాడు. నవంబర్ 22న ప్రసారం. పశ్చిమం వాళ్లది డిసెంబర్ 1న. పేరు 'జాండ్‌మెన్షెన్'. హెలికాప్టర్లో, రాకెట్లో, ఒంటె మీద, రోజుకో వాహనంలో వచ్చేవాడు. సొంత పౌరులు హంగరీయో బల్గేరియానో దాటి వెళ్లలేని దేశంలో ఆ బొమ్మ ప్రపంచమంతా తిరిగింది. 1978లో మొదటి జర్మన్ వ్యోమగామి జిగ్‌ముండ్ యేన్ దాన్ని అంతరిక్షంలోకి కూడా తీసుకువెళ్లాడు. 1971 జూన్‌లో మొదలైన నేరపరిశోధన సీరియల్ 'పోలిత్సైరూఫ్ 110' కూడా అలాంటిదే. తాగుడు, దొంగతనం, కుటుంబ హింస, ఇవన్నీ సోషలిస్టు సమాజంలో లేవని వార్తలు చెబుతున్న రోజుల్లో, అవి ఉన్నాయని అదే చానల్ కథగా చూపించింది. ప్రేక్షకులు దాన్ని వెతుక్కుని చూశారు.

రంగుల టీవీ సంగతి క్లుప్తంగా చెప్పి ముందుకెళతాను. 1969 అక్టోబర్ 3న బెర్లిన్ టీవీ టవర్‌తో పాటు రెండో చానల్, రంగు ప్రసారాలు మొదలయ్యాయి. పశ్చిమ జర్మనీది పాల్ పద్ధతి కాగా, ఫ్రాన్స్ వాళ్ల సెకామ్ పద్ధతిని ఎంచుకున్నారు. దానితో పశ్చిమ చానళ్లు తూర్పు సెట్లలో నలుపు తెలుపుల్లో కనిపించేవి. ఆ అడ్డు కూడా నిలవలేదు. జనం డీకోడర్లు పెట్టించుకున్నారు. చివరికి ప్రభుత్వ ఫ్యాక్టరీలే రెండు పద్ధతులూ పనిచేసే సెట్లు తయారుచేశాయి.

ఇక 1989. అక్టోబర్ 9న లైప్‌జిగ్ వీధుల్లోకి ప్రభుత్వం మీద నిరసనతో డెబ్బై వేల మంది వచ్చారు. కాల్పులు జరుగుతాయని అందరూ భయపడిన రాత్రి అది. ఆడ్లర్స్‌హోఫ్ కెమెరాలు అక్కడ లేవు. జీగ్‌బెర్ట్ షెఫ్కె, ఆరామ్ రాడోమ్‌స్కీ అనే ఇద్దరు యువకులు ఒక చర్చి గోపురం ఎక్కి రహస్యంగా చిత్రించారు. ఆ వీడియోను ఒక పశ్చిమ జర్మనీ విలేకరి పశ్చిమ బెర్లిన్‌కు దాటించాడు. మర్నాడు రాత్రి పశ్చిమ చానల్ ప్రసారం చేసింది. తమ ఊరి వీధుల్లో నడిచిన జనాన్ని తూర్పు జర్మన్లు పరాయి దేశం టీవీలో చూసుకున్నారు. ఒక టెలివిజన్ సంస్థకు ఇంతకు మించిన అవమానం లేదు.

అయితే నాలుగు వారాలు గడవకముందే ఆ సంస్థే మారిపోయింది. అక్టోబర్ 18న హోనెకర్ పదవి పోయింది. 30న ష్నిట్స్‌లర్ కొద్ది నిమిషాల్లో సెలవు తీసుకున్నాడు. నవంబర్ 4న బెర్లిన్ అలెగ్జాండర్ చౌక్‌లో లక్షలాది మంది జరిపిన సభను ప్రభుత్వ టీవీ ప్రత్యక్షంగా చూపించింది. రచయిత్రి క్రిస్టా వోల్ఫ్ మాటలకు చప్పట్లు, పార్టీ నాయకుడు షబోవ్‌స్కీకి ఈలలు, రెండూ కోత లేకుండా ఇళ్లకు చేరాయి. నవంబర్ 9 సాయంత్రం అదే షబోవ్‌స్కీ ప్రయాణ నిబంధనల కాగితం చదివి, ఎప్పటి నుంచి అని అడిగితే తడబడి, నాకు తెలిసినంతవరకు వెంటనే అన్న విలేకరుల సమావేశాన్నీ ప్రత్యక్షంగా ప్రసారం చేసింది ఈ సంస్థే. ఆ రాత్రే గోడ తెరుచుకుంది. ఆ నెలలోనే 'ఎల్ఫ్ 99' అనే యువజన కార్యక్రమం బృందం వాండ్లిట్స్‌లో పార్టీ పెద్దల కాలనీ గేటు దాటి లోపలికి కెమెరా తీసుకెళ్లింది. ఎన్నడూ లోపల ఏముందో చూడని జనం అక్కడి పశ్చిమ సరుకులను చూశారు.

1990 ఫిబ్రవరి 5న తూర్పు జర్మనీ పార్లమెంటు మీడియా స్వేచ్ఛకు హామీ ఇస్తూ తీర్మానం చేసింది. మార్చిలో పాత పేరు డీఎఫ్ఎఫ్ తిరిగి వచ్చింది. పశ్చిమం వైపు తిరిగిన ప్రేక్షకుల్లో చాలామంది వెనక్కి వచ్చారు. తమ ఫ్యాక్టరీ మూతపడుతోందా, తమ ఇంటి అద్దె ఏమవుతుంది అన్న ప్రశ్నలు వాళ్లవి. వాటిని వాళ్ల మాటల్లో అడిగే చానల్ అదొక్కటే. 1989 సెప్టెంబర్ దాకా అబద్ధం చదివిన గొంతు నవంబర్లో నిజం చదివితే ఎలా నమ్మాలి అని అడిగినవాళ్లు ఉన్నారు. న్యాయమైన ప్రశ్న. రహస్య పోలీసులకు సమాచారం మోసినవాళ్లు ఆ భవనాల్లో ఉన్నారు, వాళ్లను వెతికి పంపించాల్సిందే. కానీ రెండు జర్మనీలు ఒకటయ్యేందుకు 1990లో చేసుకున్న ఏకీకరణ ఒప్పందంలోని 36వ అధికరణ దోషినీ నిర్దోషినీ వేరుచేయలేదు. 1991 చివరికల్లా సంస్థే ఉండకూడదంది. బవేరియా నుంచి వచ్చిన రుడోల్ఫ్ మ్యూల్‌ఫెన్‌త్సెల్‌కు మూసివేత బాధ్యత అప్పగించారు. 1990 డిసెంబర్ 15న మొదటి చానల్ తరంగాలు పశ్చిమ సంస్థకు వెళ్లాయి. వేలాది ఉద్యోగాలు పోయాయి. నలభై ఏళ్లు పార్టీ వాళ్ల నోరు కట్టింది. నోరు తెరిచిన రెండేళ్లకు ఒప్పంద పత్రం వాళ్లను ఇంటికి పంపింది. రెండూ ఒకే తప్పు కాదు, సమానమూ కాదు. రెండోది కూడా తప్పే అంటాను.

1992 జనవరి 1న లైప్‌జిగ్ కేంద్రంగా ఎండీఆర్ అనే కొత్త ప్రాంతీయ ప్రసార సంస్థ, బ్రాండెన్‌బర్గ్‌లో ఓఆర్‌బీ అనే మరో సంస్థ ప్రసారాలు మొదలుపెట్టాయి. ప్రేక్షకులు పట్టుబట్టడంతో బుల్లి తాత బతికాడు. పశ్చిమం వాళ్ల బొమ్మ కార్యక్రమం అంతకుముందే ఆగిపోయింది. 'పోలిత్సైరూఫ్ 110' నేటికీ వస్తోంది. మిగతా నిధి పోట్స్‌డామ్ బాబెల్స్‌బెర్గ్‌లోని జర్మన్ ప్రసార భాండాగారంలో భద్రంగా ఉంది. ఇక్కడున్న జర్నలిజం విద్యార్థులకు ఒక పని చెబుతాను. 1989 సెప్టెంబర్లో ఒక రోజు వార్తలు, డిసెంబర్లో ఒక రోజు వార్తలు సంపాదించి పక్కపక్కన పెట్టి చూడండి. జర్మన్ రాకపోయినా ఫరవాలేదు. కెమెరా ఎవరి వైపు తిరిగి ఉందో, మైకు ఎవరి ముందు పెట్టారో, ఎంతసేపు పెట్టారో రాసుకోండి. ఇక మీ ప్రశ్నలు అడగండి.