స్క్రైబ్ కోసం పరీక్ష ముందురోజు పరుగులెందుకు? కాలేజీలో దివ్యాంగ విద్యార్థులు అడిగి తీసుకోవాల్సినవి

నమస్కారమండీ. డిగ్రీ సెమిస్టర్ పరీక్షలు దగ్గరపడుతున్నాయంటే కొన్ని ఇళ్లలో చదువు టెన్షన్ కంటే ముందు ఇంకో టెన్షన్ మొదలవుతుంది. స్క్రైబ్, అంటే విద్యార్థి చెబుతుంటే పరీక్ష రాసిపెట్టే మనిషి, దొరికాడా లేదా అని. చూపు లేని అమ్మాయి, చెయ్యి సరిగా పనిచెయ్యని అబ్బాయి సిలబస్ అంతా చదువుకుని సిద్ధంగా ఉంటారు. వాళ్ల నాన్న మాత్రం హాల్ టికెట్ జిరాక్స్ పట్టుకుని నెల్లూరులోనో ఒంగోలులోనో జూనియర్ కాలేజీల చుట్టూ తిరుగుతుంటాడు. "ఒక పిల్లాణ్ని మూడు గంటలు పంపించండి సార్, పుణ్యం ఉంటుంది" అని.

పుణ్యం ఎందుకండీ ఇందులో? ఆ పిల్ల ఫీజు కట్టింది, సీటు తెచ్చుకుంది, పరీక్ష రాయడం ఆమె హక్కు. కానీ మన జిల్లాల్లో ఇలాంటి పిల్లల చదువు చాలావరకు మంచి ప్రిన్సిపాల్ దొరకడం మీద, జాలిగల లెక్చరర్ దొరకడం మీద నడుస్తోంది. ఆ సార్ బదిలీ అయితే కథ మళ్లీ మొదటికొస్తుంది. అందుకే నేను ఈరోజు చెప్పేది ఒక్కటే. కావాల్సింది నోటితో కాదు, కాగితం మీద అడగండి. పరీక్షలప్పుడు కాదు, కాలేజీలో చేరిన నెలలోనే అడగండి.

ముందు చట్టం సంగతి తొందరగా చెప్పేస్తాను. దివ్యాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది, 2017 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. 1995 నాటి పాత చట్టంలో 7 రకాల వైకల్యాలే ఉండేవి. ఇప్పుడు 21 ఉన్నాయి. 40 శాతం, ఆపైన వైకల్యం ఉంటే ప్రభుత్వ కాలేజీల్లో, ఎయిడెడ్ కాలేజీల్లో కనీసం 5 శాతం సీట్లు, వయసులో 5 ఏళ్ల సడలింపు. ఇది చాలామందికి తెలుసు. తెలియనిది ఏమిటంటే, సీటు ఇచ్చేసి చేతులు దులుపుకోవడానికి లేదు. ఆ విద్యార్థి అవసరాన్ని బట్టి తగిన సర్దుబాట్లు చెయ్యాలని అదే చట్టం చెబుతోంది. ప్రభుత్వం గుర్తించిన ప్రైవేటు కాలేజీలకు కూడా ఇది వర్తిస్తుంది. "మాది ప్రైవేటండీ, మాకు ఆ రూల్ లేదు" అంటే నమ్మకండి.

ఇక్కడ సర్టిఫికెట్ గురించి ఒక మాట. వైకల్యం ఎంత శాతమో చెప్పే సదరం సర్టిఫికెట్ అంటే మన ఊళ్లలో పెన్షన్ కాగితం. నెలకు 6,000 రూపాయలు వచ్చే కాగితం. ఆ డబ్బు ఎంత అవసరమో నాకు తెలుసు, తప్పుపట్టడం లేదు. కానీ అదే కాగితం, అదే యూడీఐడీ కార్డు (దివ్యాంగుల గుర్తింపు కార్డు) కాలేజీలోనూ పనికొస్తుందని చెప్పేవాళ్లు లేరు. బీరువాలో పెట్టి తాళం వేస్తారు. కొందరు తల్లిదండ్రులైతే కాలేజీలో అసలు చెప్పొద్దంటారు. "తెలిస్తే చిన్నచూపు చూస్తారు, రేపు సంబంధాలు రావు" అని, ముఖ్యంగా ఆడపిల్లల విషయంలో. ఆ భయం ఊరికే రాలేదు, అర్థం చేసుకుంటాను. కాకపోతే చెప్పకపోతే వచ్చే నష్టం మార్కుల జాబితాలో కనబడుతుంది. అది కూడా సంబంధాలప్పుడు అడుగుతారు కదమ్మా.

సరే, స్క్రైబ్ దగ్గరికి వద్దాం. ఎక్కువ గొడవ అక్కడే.

కేంద్ర ప్రభుత్వం 2018 ఆగస్టులో పరీక్షల మీద మార్గదర్శకాలు ఇచ్చింది. 2025 ఆగస్టులో వాటి స్థానంలో కొత్తవి తెచ్చింది కాబట్టి మీ పరీక్షకు ఇప్పుడు ఏది వర్తిస్తుందో కనుక్కోండి. 2018 నాటివి చెప్పినవి ఇవి. గంటకు 20 నిమిషాలకు తగ్గకుండా అదనపు సమయం ఇవ్వాలి. అంటే మూడు గంటల పేపరుకు ఒక గంట. స్క్రైబ్‌ను మీరే తెచ్చుకోవచ్చు, లేదా పరీక్ష పెట్టేవాళ్లనే ఇవ్వమని అడగొచ్చు. వాళ్లు ఇస్తే పరీక్షకు రెండు రోజుల ముందు ఆ మనిషిని కలిసి మాట్లాడుకునే అవకాశం ఇవ్వాలి. ఒక్కో పేపరుకు ఒక్కో స్క్రైబ్ కావాలన్నా ఒప్పుకోవాలి, భాషల పేపర్లకు ఇది మరీ అవసరం. స్క్రైబ్ వద్దు, కంప్యూటర్ మీద టైప్ చేస్తానంటే దానికీ వీలుంది.

ఆ రెండు రోజుల ముందు కలవడం చిన్న విషయం అనుకోకండి. ఒక బీకాం అమ్మాయి అకౌంట్స్ పేపరు చెబుతోంది, రాసేది ఇంటర్ బైపీసీ పిల్ల. "డెబిట్ వైపు రాయి" అంటే ఏ వైపో ఆ పిల్లకు తెలియదు. లెడ్జర్ గీతలు ఎలా గియ్యాలో తెలియదు. ఇద్దరూ ఒక సాయంత్రం కూర్చుని పాత పేపరు ఒకటి చేసుకుంటే సగం బాధ తీరిపోతుంది. లెక్కల పేపరైతే ఇంకా కష్టం. "బ్రాకెట్ మొదలు, ఎక్స్ స్క్వేర్ మైనస్ రెండు, బ్రాకెట్ పూర్తి" అని నోటితో చెప్పడం ఒక అలవాటు, పరీక్ష హాల్లో మొదటిసారి చేసే పని కాదు. పైగా మిగతావాళ్ల మధ్య కూర్చోబెట్టి గుసగుసగా చెప్పుకోమంటే కుదరదు. వేరే గది కావాలి. గది కావాలంటే దానికో ఇన్విజిలేటర్ కావాలి. ఇన్విజిలేటర్ కావాలంటే పది రోజుల ముందే తెలియాలి. పరీక్ష రోజు ఉదయం వెళ్లి అడిగితే సూపరింటెండెంట్ చిరాకు పడతాడు. నిజం చెప్పాలంటే ఆయన స్థానంలో నేనున్నా పడతాను.

ముందే అడగాలని ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, 2021 నవంబరులో సుప్రీంకోర్టు ముందుకు ఒక కేసు వచ్చింది. డిస్‌గ్రాఫియా ఉన్న ఒక అమ్మాయి నీట్ రాసింది. చేతిరాత కష్టమయ్యే సమస్య అది. రూల్ ప్రకారం ఆమెకు గంట అదనంగా రావాలి. సెంటర్లో ఇవ్వలేదు. కోర్టు ఆ అమ్మాయికి అన్యాయం జరిగిందనే చెప్పింది. కానీ మళ్లీ పరీక్ష పెట్టమని మాత్రం ఆదేశించలేదు. నష్టం ఎలా సరిచేస్తారో ఆలోచించమని పరీక్ష పెట్టిన సంస్థకే వదిలేసింది. చూశారా, న్యాయం మన వైపున్నా పోయిన గంట తిరిగి రాలేదు.

అదే ఏడాది ఫిబ్రవరిలో ఇంకో తీర్పు. సివిల్స్ రాసే ఒక అభ్యర్థికి రైటర్స్ క్రాంప్, రాస్తుంటే చెయ్యి బిగుసుకుపోతుంది. నీకు 40 శాతం వైకల్యం లేదు కాబట్టి స్క్రైబ్‌ను ఇచ్చేది లేదన్నారు. స్క్రైబ్‌కూ 40 శాతానికీ ముడిపెట్టకూడదని సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. ఆ తర్వాత 2022 ఆగస్టులో, 40 శాతం కంటే తక్కువ ఉండి రాయడం కష్టమయ్యేవాళ్ల కోసం కేంద్రం విడిగా మార్గదర్శకాలు తెచ్చింది. కాబట్టి "నీది 30 శాతమే కదా" అని ఎవరన్నా అంటే అక్కడితో ఆగిపోకండి. రాయడం ఎందుకు కష్టమో డాక్టర్ దగ్గర సర్టిఫికెట్ తీసుకెళ్లి అడగండి.

ఇక పరీక్ష రెండు వారాలు, చదువు ఏడాదంతా. క్లాసు సంగతి ఎవరూ మాట్లాడరు.

చూపు లేని విద్యార్థులు ఇప్పుడు ఫోన్లో టాక్‌బ్యాక్ పెట్టుకుని, కంప్యూటర్లో ఎన్‌వీడీఏ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ పెట్టుకుని చదువుకుంటున్నారు. తెలుగు కూడా చదివి వినిపిస్తాయి. మరి సమస్య ఎక్కడ? మన సార్లు వాట్సాప్ గ్రూపులో పెట్టే నోట్స్‌లో. సగం నోట్స్ పుస్తకం పేజీకి తీసిన ఫోటోలు. ఫోటోలో అక్షరాలు ఉన్నాయని మనకు తెలుసు, ఆ సాఫ్ట్‌వేర్‌కు అది బొమ్మ. ఇంకా విచిత్రం తెలుగు మెటీరియల్. డీటీపీ సెంటర్లో అను ఫాంట్లలో కొట్టించినది. కంటికి చక్కటి తెలుగే, చదివే సాఫ్ట్‌వేర్‌కు మాత్రం లోపల ఉన్నవి అర్థంలేని ఇంగ్లిషు అక్షరాలు, గుర్తులు. పిల్లవాడు ఇయర్‌ఫోన్ పెట్టుకుంటే గోల వినిపిస్తుంది. అదే నోట్స్ యూనికోడ్‌లో, అంటే ఫోన్లో మనం టైప్ చేసే తెలుగులో, టైప్ చేసి వర్డ్ ఫైల్‌గా ఇస్తే చాలు. పైసా ఖర్చు లేదు. లెక్చరర్ మిత్రులు ఎవరైనా ఈ వీడియో చూస్తుంటే, ఇప్పటికిప్పుడు మీ చేతిలో ఉన్న పని ఇది.

"పుస్తకం స్కాన్ చేసి ఇస్తే కాపీరైట్ గొడవ వస్తుందేమో" అని కొందరు వెనకాడతారు. రాదు. దివ్యాంగులు చదువుకోవడానికి వీలైన రూపంలోకి పుస్తకాన్ని మార్చుకోవచ్చని 2012లో కాపీరైట్ చట్టాన్నే సవరించారు. అలా మార్చిన పుస్తకాలతో సుగమ్య పుస్తకాలయ అనే ఆన్‌లైన్ లైబ్రరీ 2016 నుంచి ఉంది.

వినికిడి సమస్య ఉన్నవాళ్లది ఇంకో బాధ. మన దగ్గర చాలామంది పెదవుల కదలిక చూసి పాఠం పట్టుకుంటారు. సార్ బోర్డు వైపు తిరిగి మాట్లాడారంటే పాఠం అక్కడితో కట్. ముందు వరస సీటు, మాట్లాడేటప్పుడు ఇటు తిరగడం, పరీక్ష తేదీలు, సిలబస్ మార్పుల్లాంటివి నోటితో చెప్పి వదిలెయ్యకుండా బోర్డు మీద రాయడం. ఇవి అడిగితే కాదనే లెక్చరర్ ఉంటారని నేననుకోను. అడగరు, అంతే.

ర్యాంపుల గురించి అందరూ మాట్లాడతారు కాబట్టి నేను ఎక్కువ చెప్పను. ఒక్కటి మాత్రం. కనిగిరి వైపు ఫ్లోరైడ్ నీళ్ల సంగతి మీకు తెలుసు, మోకాళ్లు వంగిపోయిన పిల్లలున్న ఊళ్లవి. అలాంటి విద్యార్థి ఉన్న క్లాసును రెండో అంతస్తులో పెట్టి, లిఫ్టుకు నిధులు రాలేదనడం కంటే ఆ సెక్షన్‌ను కింది గదిలోకి మార్చడం తేలిక. టైమ్‌టేబుల్‌లో గది నంబరు మార్చడానికి నిధులు అక్కర్లేదు.

ఇక బయటికి కనబడనివి. చట్టంలోని ఆ 21 రకాల్లో తలసీమియా, హీమోఫీలియా, సికిల్ సెల్ అనే రక్తానికి సంబంధించిన జబ్బులు ఉన్నాయి. మానసిక అనారోగ్యం ఉంది, చదవడం కష్టమయ్యే డిస్‌లెక్సియా లాంటివి ఉన్నాయి. తలసీమియా ఎక్కువగా ఉన్న విద్యార్థి రెండు మూడు వారాలకోసారి రక్తం ఎక్కించుకోవాలి. ఉదయగిరి నుంచో వరికుంటపాడు నుంచో నెల్లూరు వచ్చి వెళ్లాలంటే ఒక రోజు పోతుంది, మర్నాడు నీరసం. సెమిస్టర్ చివర "నీకు 75 శాతం అటెండెన్స్ లేదు" అంటారు. మనిషి చూడ్డానికి బాగానే ఉన్నాడు కాబట్టి సాకులు చెబుతున్నాడంటారు. ఇలాంటివాళ్లు మొదటి నెలలోనే ఆసుపత్రి కాగితాలతో హాజరు మినహాయింపు అడగాలి. కాళ్లు లేనివాళ్లకంటే వీళ్లే కాలేజీల్లో ఎక్కువ మాటలు పడుతున్నారని నా అభిప్రాయం.

లెక్చరర్లు తరచూ అడిగే ప్రశ్న కూడా న్యాయంగా చెప్పుకోవాలి. "ఒకరికి గంట ఎక్కువిస్తే మిగతావాళ్లకు అన్యాయం కాదా?" కాదండి. అకౌంట్స్ పేపరులో మనం చూసేది లెక్క వచ్చా రాదా అని. చేతివేగం చూడటం లేదు కదా. పాస్ మార్కు తగ్గించమని ఎవరూ అడగటం లేదు, సిలబస్‌లో ముఖ్యమైన పాఠాలు తీసెయ్యమనీ అడగటం లేదు. సంస్థ మొయ్యలేనంత భారం పెట్టకూడదని చట్టమే చెప్పింది. ఒక గది, ఒక గంట, ఒక వర్డ్ ఫైల్ మొయ్యలేని భారమా?

"సైన్స్ గ్రూపు నీకెందుకమ్మా, ఆర్ట్స్ తీసుకో" అని అడ్మిషన్ కౌంటర్ దగ్గరే మళ్లించేవాళ్లు ఇంకా ఉన్నారు. మచిలీపట్నం దగ్గరి పల్లెలో పుట్టిన శ్రీకాంత్ బొల్లా పేరు వినే ఉంటారు, పుట్టుకతో చూపు లేదు. ఇంటర్‌లో సైన్స్ చదవడానికి ఆయన కోర్టుకెళ్లాల్సి వచ్చింది. తర్వాత అమెరికాలో ఎంఐటీలో చదివి, తిరిగొచ్చి కంపెనీ పెట్టారు. అందరూ ఎంఐటీకి వెళ్లాలని కాదు. గ్రూపు ఎంచుకోవడానికి ఎవరూ కోర్టుకెళ్లే పరిస్థితి ఉండకూడదు.

నెల్లూరు రొట్టెల పండక్కి బారా షహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో చదువు రొట్టె పట్టుకోవడానికి ఎక్కడెక్కడి నుంచో వస్తారు మనవాళ్లు. పట్టుకోండి, తప్పులేదు. ఇంటికెళ్లాక, కాగితం మీద అడగమన్నాను కదా, కాలేజీకి ఆ లెటర్ కూడా రాయండి.

తెలుగులోనే రాయొచ్చు. ప్రిన్సిపాల్ గారికి. పేరు, గ్రూపు, రోల్ నంబరు, సర్టిఫికెట్ నంబరు. తర్వాత ఏం కష్టమో రెండు వాక్యాలు. "నాకు చూపు సమస్య ఉంది, సహాయం చెయ్యగలరు" అని ఆపేస్తే ఎవరికీ ఏం చెయ్యాలో తెలియదు. "నోట్స్ యూనికోడ్ ఫైల్‌గా కావాలి, మూడు గంటల పేపరుకు గంట అదనంగా కావాలి, స్క్రైబ్‌ను కాలేజీయే ఏర్పాటు చెయ్యాలి, గది విడిగా కావాలి" అని దేనికదే రాయాలి. ఇంటర్నల్ పరీక్షలకు కూడా అని తప్పకుండా రాయండి, అక్కడే ఎక్కువ మర్చిపోతారు. ఈ విన్నపాన్ని యూనివర్సిటీ పరీక్షల విభాగానికి పంపమని కూడా అడగండి. నెల్లూరు వైపు కాలేజీలైతే కాకుటూరులో విక్రమ సింహపురి యూనివర్సిటీ, ఒంగోలు వైపువైతే ఆంధ్రకేసరి యూనివర్సిటీ. రెండు కాపీలు తీసుకెళ్లి, ఒకదాని మీద ఆఫీసులో ముద్ర, తేదీ వేయించుకోండి. ముద్ర వెయ్యడానికి నసిగితే రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. ఎంతకీ జవాబు రాకపోతే రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్‌కు ఫిర్యాదు చెయ్యొచ్చు. అప్పుడు ఆ ముద్ర ఉన్న కాపీయే మీకు ఆధారం.

చివరగా ఇంటర్, డిగ్రీ చదువుతూ ఈ వీడియో చూస్తున్న పిల్లలకు. స్క్రైబ్‌గా వెళ్లాలనుంటే, వాళ్లు చెప్పింది చెప్పినట్టు రాయాలి. తప్పు చెప్పారనిపించినా దిద్దకూడదు, దిద్దితే ఇద్దరికీ ఇబ్బంది. ఐడీ కార్డు మర్చిపోకండి. మీ పరీక్షల తేదీలు చూసుకుని, ఏ రోజులు ఖాళీగా ఉంటారో, తెలుగులో రాయగలరా ఇంగ్లిషులోనా అన్నది ఒక కాగితం మీద రాసి మీ కాలేజీ ఆఫీసులో ఇచ్చి రండి. కింద కామెంట్లలో మాత్రం ఫోన్ నంబర్లు పెట్టకండి.