లినక్స్‌ బ్రౌజర్‌లో వీడియో నడవకపోతే ముందుగా ఏం చూడాలి?

[తెర: ఫైర్‌ఫాక్స్‌లో రెండు ట్యాబ్‌లు. ఒకదానిలో యూట్యూబ్ వీడియో నడుస్తోంది, రెండవదానిలో నల్లని పెట్టె.]

నమస్కారం. కొత్తగా ఫెడోరా అనే లినక్స్ ఇన్‌స్టాల్ చేసిన కంప్యూటర్‌లో యూట్యూబ్ సాఫీగా నడుస్తూ, పక్క ట్యాబ్‌లో మరో వెబ్‌సైట్ వీడియో మాత్రం నల్లని పెట్టెగా మిగిలిపోతే, చాలామంది ముందు ఇంటర్నెట్‌ను అనుమానిస్తారు, ఆపై బ్రౌజర్‌ను తీసివేసి మళ్లీ వేస్తారు. ఆ శ్రమ అనవసరం. ఒక సైట్‌లో నడిచి మరో సైట్‌లో నడవకపోవడమే మనకు దొరికిన మొదటి ఆధారం. ఆ రెండు సైట్లూ వేర్వేరు కోడెక్‌లలో, అంటే వీడియోను కుదించి, మళ్లీ విప్పే వేర్వేరు పద్ధతులలో, వీడియోను పంపుతూ ఉండవచ్చు.

యూట్యూబ్ ఎక్కువగా వాడే వీపీ9, ఏవీ1 కోడెక్‌లు రాయల్టీ లేకుండా వాడుకోవడానికి రూపొందినవి కనుక, వాటిని విప్పే డీకోడర్లు ఫైర్‌ఫాక్స్‌తోనే వస్తాయి. 2003లో ప్రమాణంగా వెలువడిన హెచ్.264 అనే కోడెక్ సంగతి వేరు. దానికి పేటెంట్ల చిక్కు ఉండటం వల్ల లినక్స్‌లో ఫైర్‌ఫాక్స్ ఆ పనిని సిస్టమ్‌లో ఉన్న ఎఫ్ఎఫ్ఎంపెగ్ లైబ్రరీకి అప్పగిస్తుంది. ఫెడోరా అదే కారణంగా ఎఫ్ఎఫ్ఎంపెగ్‌ను కొన్ని కోడెక్‌లు తగ్గించి ఇస్తుంది. పూర్తి ప్యాకేజీ ఆర్‌పీఎం ఫ్యూజన్ అనే విడి రిపాజిటరీలో, అంటే ప్యాకేజీల నిల్వలో, దొరుకుతుంది.

[తెర: అబౌట్ సపోర్ట్ పేజీ, మీడియా విభాగం.]

ఏ ప్యాకేజీనైనా వేసే ముందు, అడ్రస్ పట్టీలో అబౌట్ సపోర్ట్ పేజీని తెరిచి, మీడియా విభాగంలోని కోడెక్‌ల పట్టికలో హెచ్.264 వరుసను చూడండి. అక్కడ మద్దతు లేదని ఉంటేనే ప్యాకేజీ అవసరం. అయితే మీ ఫైర్‌ఫాక్స్ స్నాప్‌గానో ఫ్లాట్‌ప్యాక్‌గానో, అంటే సిస్టమ్ నుంచి వేరుగా ఉండే ప్యాకేజీగా, వచ్చినదైతే, బయట సిస్టమ్‌లో మీరు వేసిన లైబ్రరీ దానికి కనిపించదు. ఫైర్‌ఫాక్స్ స్నాప్‌గా వచ్చే ఉబుంటులో ఎన్ని కోడెక్ ప్యాకేజీలు వేసినా మార్పు రాకపోవడానికి తరచుగా ఇదే కారణం.

డబ్బు చెల్లించి చూసే సినిమాల సైట్లు మాత్రమే మొరాయిస్తే అది డీఆర్‌ఎం, అంటే కాపీ కాకుండా ఉంచే రక్షణ, విషయం. ఫైర్‌ఫాక్స్ సెట్టింగ్‌లలో డీఆర్‌ఎం అనుమతిని ఆన్ చేస్తే ఆ రక్షణను విప్పే గూగుల్ వారి వైడ్‌వైన్ డౌన్‌లోడ్ అవుతుంది. లినక్స్‌లో అది సాఫ్ట్‌వేర్ స్థాయి రక్షణతోనే పనిచేస్తుంది కాబట్టి, కొన్ని సైట్లు తక్కువ రిజల్యూషన్‌కే పరిమితం చేస్తాయి. దాన్ని మీ వైపు నుంచి సరిచేయలేరు.

[తెర: యూట్యూబ్ వీడియోపై కుడి క్లిక్, స్టాట్స్ ఫర్ నెర్డ్స్.]

ఇక అన్నిటికన్నా ఎక్కువగా వేధించేది, వీడియో నడుస్తూనే తడబడటం, ఫ్యాన్ హోరెత్తడం. తెరపై కనిపిస్తున్న ఈ పెట్టెలో బఫర్ హెల్త్ (ముందుగా దిగిన వీడియో) తగినన్ని సెకన్లు చూపిస్తున్నా డ్రాప్డ్ ఫ్రేమ్‌ల (చూపకుండా వదిలేసిన దృశ్యాల) సంఖ్య పెరుగుతూనే ఉంటే, నెట్‌వర్క్‌లో లోపం లేదు. వచ్చిన డేటాను విప్పడంలో కంప్యూటర్ వెనుకబడుతోంది. అప్పుడు కోడెక్ వరుసను చదవండి. అక్కడ ఏవీ1 ఉంటే ఒక్క క్షణం ఆగాలి. ఇంటెల్ ప్రాసెసర్లలో ఏవీ1ను హార్డ్‌వేర్‌లోనే విప్పే సామర్థ్యం 2020లో వచ్చిన 11వ తరంతో మొదలైంది. అంతకు ముందువాటిలో ఆ భారమంతా సీపీయూ మీదే పడుతుంది.

వీపీ9 అని ఉన్నా తడబడుతుంటే, గ్రాఫిక్స్ చిప్‌కు ఆ పని అందుతోందో లేదో చూడాలి. టెర్మినల్‌లో వీఏఇన్ఫో ఆదేశం ఇస్తే మీ చిప్ డీకోడ్ చేయగల కోడెక్‌లు కనిపిస్తాయి. ఇంటెల్ చిప్‌లకు ఈ హార్డ్‌వేర్ డీకోడింగ్‌ను ఫైర్‌ఫాక్స్ 2023 జూలైలో వచ్చిన 115వ వెర్షన్ నుంచి లినక్స్‌లో తనంతట తానే వాడుతోంది. కనుక పాత వెర్షన్ ఉంటే, చిట్కాలు వెతికే ముందు అప్‌డేట్ చేయడం మేలు.

ఒక విద్యార్థి చేతిలో ఉన్న పాత ల్యాప్‌టాప్‌ను, పాఠాల వీడియోలు ఆగి ఆగి వస్తున్నాయన్న ఒక్క కారణంతో పక్కన పడేయడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది. అలాంటి యంత్రంలో ఫైర్‌ఫాక్స్ అబౌట్ కాన్ఫిగ్ పేజీ తెరిచి ఏవీ1ను ఆపివేయండి.

[తెర: అబౌట్ కాన్ఫిగ్ పేజీలో ఏవీ1 అమరిక ట్రూ నుంచి ఫాల్స్‌కు మారుతోంది.]

ఆ తరువాత పేజీని రీలోడ్ చేసి, అదే వీడియోను అదే రిజల్యూషన్‌లో మళ్లీ నడపండి. కోడెక్ వరుస వీపీ9కో హెచ్.264కో మారిందా, డ్రాప్డ్ ఫ్రేమ్‌లు తగ్గాయా అన్నవి రెండూ చూడండి. కోడెక్ మారినా ఫ్రేమ్‌లు పోతూనే ఉంటే, రిజల్యూషన్‌ను 1080 నుంచి 720కి దించండి.