ఈ ఏడాది నన్ను వదలని సినిమాలు

హాయ్ అండీ, బాగున్నారా? కెమెరాను నాలుగు పుస్తకాల మీద నిలబెట్టాను, మధ్యలో పడిపోతే ఏమీ అనుకోకండి. 2023 అయిపోవచ్చింది. డిసెంబర్ వచ్చిందంటే నా ఫోన్‌లో నోట్స్ తెరిచి, ఆ ఏడాది చూసిన సినిమాల పేర్లన్నీ ఒకసారి చదువుకుంటాను. ఒక్కో పేరు పక్కన చిన్న ముక్క రాసి ఉంటుంది. "నిద్రొచ్చింది", "ఇంటర్వెల్ దాకా పర్లేదు", "పాటలు మాత్రమే", ఇలా. ఈసారి "మళ్లీ చూడాలి" అని రాసుకున్నవి ఐదే ఐదు. ఆ ఐదింటి గురించే ఇవాళ.

ముందు 'బలగం'. మార్చి 3న విడుదలైంది కానీ మేం ఓటీటీలోకి వచ్చాక ఇంట్లోనే చూశాం. కమెడియన్‌గా మనందరికీ తెలిసిన వేణు ఎల్దండికి దర్శకుడిగా మొదటి సినిమా ఇది. పెద్దాయన కొమురయ్య పోతాడు. మనవడు సాయిలుకి తాత పోయిన బాధ కన్నా, చేసిన అప్పులు, కుదిరిన పెళ్లి సంబంధం ఏమవుతాయోనన్న టెన్షనే ఎక్కువ. తీరా పిండం పెడితే పిట్ట ముట్టదు. ఇక అక్కడి నుంచి పాత లెక్కలన్నీ బయటికొస్తాయి.

మా అమ్మాయికి పద్నాలుగేళ్లు. ఇంట్లో తెలుగు బాగానే అర్థమవుతుంది కానీ, ఈ సినిమాలోది తెలంగాణ యాస, సబ్‌టైటిల్స్ పెట్టాల్సిందే. నల్లి బొక్క (మూలుగ ఉన్న ఎముక) గొడవ దగ్గర రిమోట్ తీసుకుని సినిమా ఆపేసింది. "అమ్మా, ఒక ఎముక కోసం ఇన్నేళ్లు మాట్లాడుకోలేదా?" అంది. ఎముక గురించి కాదే, అల్లుడు కదా, నలుగురిలో మాట పడ్డాడు కదా అని మొదలుపెట్టాను. అల్లుడంటే ఎందుకంత మర్యాద అని ఇంకో ప్రశ్న. దానికి జవాబు చెప్పేసరికి పది నిమిషాలు పట్టింది. ఈలోగా మా ఆయన నెమ్మదిగా, "ఇందాక ఆవిడ అన్న మాటకి అర్థం ఏంటి?" అని అడిగారు. ఆయనకి సబ్‌టైటిల్ చదవడం నామోషీ! చివర్లో కొమురమ్మ, మొగిలయ్య దంపతులు పాడే పాటప్పుడు మాత్రం ముగ్గురం నోరెత్తలేదు. తెలంగాణ ఊళ్లలో తెరలు కట్టి జనమంతా కలిసి చూశారని వార్తల్లో చదివినప్పుడు, సోఫాలో కూర్చుని చూసినందుకు కాస్త అసూయగానే అనిపించింది.

రెండోది, నన్ను బాగా ఇబ్బంది పెట్టింది, 'పాస్ట్ లైవ్స్'. సెలీన్ సాంగ్ అనే ఆవిడ తీసిన మొదటి సినిమా. పన్నెండేళ్ల వయసులో సియోల్ వదిలి కుటుంబంతో వలస వెళ్లిపోయిన అమ్మాయి, అక్కడే ఉండిపోయిన చిన్ననాటి స్నేహితుడు. పన్నెండేళ్ల తర్వాత స్కైప్‌లో మాట్లాడుకుంటారు, ఆపేస్తారు. ఇంకో పన్నెండేళ్లకి అతను న్యూయార్క్ వస్తాడు, అప్పటికి ఈమెకి పెళ్లైంది. ఇదేదో ముక్కోణపు ప్రేమకథ అనుకుని వెళ్లాను. భర్త విలన్ కాకపోతాడా అని ఎదురుచూశాను కూడా. పాపం, అతను చాలా మంచివాడు! ఒక రాత్రి అతను భార్యతో, నువ్వు నిద్రలో కొరియన్‌లోనే మాట్లాడతావు, నాకు అర్థంకాని భాషలో కలలు కంటావు అంటాడు. ఇంటికొచ్చాక మా ఆయన్ని అడిగాను, నేను నిద్రలో ఏ భాషలో మాట్లాడతానని. "మాట్లాడవు, గురక పెడతావు" అన్నారు.

అందులో 'ఇన్యున్' అనే కొరియన్ మాట ఒకటి వస్తుంది. దారిన పోతూ ఇద్దరి బట్టలు ఒకదానికొకటి తగిలినా, వాళ్ల మధ్య ఏదో పాత జన్మలో ఏదో ఉందని నమ్మకం. పెళ్లి దాకా వస్తే ఎనిమిది వేల పొరలట. థియేటర్లో నా పక్కనున్నాయన సబ్‌టైటిల్ వైపు వంగి మరీ చదువుతున్నాడు. నాకేమో అది చదవకముందే 'ఋణానుబంధం' అని మనసులోకి వచ్చేసింది. కొరియన్ ఒక్క ముక్క రాకపోయినా ఆ ఒక్క చోట మాత్రం నేనే ముందున్నాను. ఆఖర్లో క్యాబ్ కోసం ఎదురుచూస్తూ వాళ్లిద్దరూ వీధిలో నిలబడి ఉంటారు, మాటల్లేవు. నేనైతే ఆ క్యాబ్ రాకూడదని కోరుకున్నాను. వచ్చేసింది.

అణుబాంబు చేసిన శాస్త్రవేత్త కథ 'ఓపెన్‌హైమర్' సంగతి అందరూ చెప్పేశారు, నేను త్వరగా దాటేస్తాను. జులై 21న ఒకే రోజు దానిదీ 'బార్బీ'దీ రిలీజ్. మా అమ్మాయి ఆ స్క్రీన్‌లోకి, నేను ఈ స్క్రీన్‌లోకి. తనది 114 నిమిషాలు, నాది 180. బయటికొచ్చేసరికి తను లాబీలో మొహం మాడ్చుకుని కూర్చుంది. పేలుడు గురించి చెప్పను కానీ, వెలుగు ముందొచ్చి శబ్దం చాలాసేపటికి రావడం, ఆ మధ్యలో ఊపిరి చప్పుడు మాత్రమే వినపడటం, అది థియేటర్లోనే చూడాలి. నన్ను పట్టుకున్న సీన్ వేరే. ఓపెన్‌హైమర్ ఆరు వారాల్లో డచ్ నేర్చుకుని ఏకంగా క్వాంటమ్ మెకానిక్స్ మీద లెక్చర్ ఇస్తాడు. నేను ఇన్నేళ్లైనా కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసేముందు ఏం మాట్లాడాలో కాగితం మీద రాసుకుంటాను.

అందుకేనేమో 'అనాటమీ ఆఫ్ ఎ ఫాల్' నాకు అంతగా తగిలింది. జస్టిన్ త్రియే తీసింది, 2023 కాన్స్ చిత్రోత్సవంలో పెద్ద బహుమతి పామ్ డోర్ గెలిచింది. ఇంటి పైనుంచి పడి భర్త చనిపోతాడు, తోసిందా, పడ్డాడా అని భార్య మీద కేసు. ఆమె జర్మన్, కోర్టు ఫ్రెంచ్. తన వైపు నుంచి చెప్పుకోవాల్సిన చోట ఫ్రెంచ్‌లో తడబడి, తడబడి, చివరికి ఇంగ్లీష్‌లోకి మారిపోతుంది. అది కూడా ఆమె భాష కాదు! మొగుడూ పెళ్లాల గొడవ రికార్డింగ్‌ని కోర్టులో అందరి ముందూ వినిపిస్తారు చూడండి, నేను సీట్లో ముడుచుకుపోయాను. దెబ్బల చప్పుడు మొదలవగానే దృశ్యం మాయమై మనం మళ్లీ కోర్టులో ఉంటాం, చెవులకి తప్ప కళ్లకి ఏమీ ఉండదు. ఆమె చంపిందని నేను, చంపలేదని మా ఆయన. ఇప్పటికీ తేలలేదు. వీధి దాకా వచ్చింది మా వాదన. కుక్క మాత్రం అద్భుతంగా నటించింది, అందులో ఇద్దరికీ పేచీ లేదు.

ఆఖరిది 'కిల్లర్స్ ఆఫ్ ది ఫ్లవర్ మూన్'. మూడు గంటల ఇరవై ఆరు నిమిషాలు, మధ్యలో ఇంటర్వెల్ లేదు, నా నడుము అక్కడే ఉండిపోయింది. కొంచెం తగ్గించి ఉంటే బాగుండేదని నా అభిప్రాయం, దర్శకుడు స్కోర్సెసీ అభిమానులు తిట్టుకోండి. కానీ నటి లిలీ గ్లాడ్‌స్టోన్ ఓసేజ్ అనే అమెరికా ఆదివాసీ తెగ భాషలో ఒక మాట అని, డికాప్రియో అర్థంకాక ఏదో ఊహించి అంటే, చిన్నగా నవ్వుతుందే, ఆ నవ్వు కోసం ఇంకోసారి కూర్చుంటాను. కొన్నిచోట్ల ఆ భాషకి సబ్‌టైటిల్ వేయలేదు. థియేటర్లో ఎవరికీ అర్థంకాలేదు కాబట్టి, ఆ కాసేపూ అందరం సమానమే.

ఇదిగో, మా అమ్మాయి వచ్చి పక్కన నిలబడింది. ఐదింట్లో 'బార్బీ' ఎందుకు లేదని అడుగుతోంది. నా నోట్స్‌లో దాని పక్కన "కూతురి కోసం" అని మాత్రమే ఉంది, అది చూపిస్తే ఊరుకునేలా లేదు. సరే, తన లిస్ట్ తను చెబుతానంటోంది, కెమెరా ఇచ్చేస్తున్నాను. పుస్తకాలు కదపకే!