మానేసిన మూడో రోజు

(శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల శ్రోతల కోసం ఒక బుధవారం సాయంత్రం ప్రసారమైన ఫోన్-ఇన్ కార్యక్రమం ఇది. ఫోన్ చేసినవాళ్ళ పేర్లు అడగలేదు. ప్రకటనలు తీసేసి, మిగతాది మాటల్లో ఉన్నట్టే రాశాం.)

వ్యాఖ్యాత: అందరికీ నమస్కారం. మందు, గంజాయి అలవాటైనవాళ్ళకి మన దగ్గర్లో వైద్యం ఎక్కడ దొరుకుతుందని పోయిన వారం నుంచి అడుగుతూనే ఉన్నారు. ఇవాళ మానసిక వైద్యులు మనతో ఉన్నారు. అడ్రసులు, ఫోన్ నంబర్లు చెప్పిద్దామనుకున్నాం గానీ మొదటి కాల్ అప్పుడే వచ్చేసింది. హలో, చెప్పండమ్మా.

కాలర్: మేడమ్, గార మండలం నుంచి. మా నాన్న గురించి. నాన్న వేరావల్‌లో బోటు మీద పనిచేస్తాడు. వచ్చి నెలైంది. వచ్చిన దగ్గర్నుంచి పొద్దున లేస్తే తాగుడే. మొన్న ఆదివారం అమ్మ అరసవల్లి తీసుకెళ్ళి దేవుడి ముందు ఒట్టు వేయించింది. అప్పటి నుంచి చుక్క ముట్టలేదు.

వ్యాఖ్యాత: మంచిదే కదమ్మా!

కాలర్: నిన్న రాత్రి నుంచి నిద్ర లేదండి. చేతులు వణుకుతున్నాయి. గోడ మీద చీమలున్నాయి, దులపండి అంటున్నాడు. చీమలు లేవు. ఇప్పుడు మంచం మీద కూర్చుని వల అల్లుతున్నాడు.

డాక్టర్: వల ఉందా చేతిలో?

కాలర్: లేదండి. ఉత్త చేతులే. ముడి వేస్తున్నట్టు, లాగుతున్నట్టు. నానమ్మేమో గాలి సోకిందంటోంది. సాయంత్రం ఎవరినో పిలిపిస్తానంటోంది.

డాక్టర్: అమ్మా, జాగ్రత్తగా విను. నీ దగ్గర ఇంకో ఫోన్ ఉందా?

కాలర్: అన్నయ్యది ఉంది.

డాక్టర్: అన్నయ్యని ఇప్పుడే 108కి చేయమను. నువ్వు నాతో మాట్లాడుతూ ఉండు. ఇది గాలీ కాదు, ధూళీ కాదు. రోజూ బాగా తాగే మనిషి ఒక్కసారిగా ఆపేస్తే రెండో రోజు, మూడో రోజు వచ్చే స్థితి. ఒళ్ళు కాలుతోందా?

కాలర్: చెమటలు పడుతున్నాయి. కొంచెం వేడిగానే ఉంది. (అవతల ఎవరితోనో) అన్నయ్యా, 108కి చెయ్, 108!

డాక్టర్: మూర్ఛలాంటిది వచ్చిందా?

కాలర్: సోమవారం రాత్రి ఒకసారి కొట్టుకున్నాడు. చేతిలో తాళాలు పెట్టాం.

డాక్టర్: ఇంకెప్పుడూ తాళాలు పెట్టకండి, నోట్లో చెంచా పెట్టకండి. మళ్ళీ వస్తే పక్కకి ఒత్తిగిలి పడుకోబెట్టండి, చుట్టూ ఉన్న సామాను జరపండి, అంతే. ఆయన్ని తాళ్ళతో కట్టకండి. గదిలో లైటు వేసి ఉంచండి, చీకట్లో చీమలు ఎక్కువవుతాయి. ఒక్కణ్ణీ వదలొద్దు. మగతగా ఉంటే నీళ్ళు కూడా పట్టొద్దు. నేరుగా శ్రీకాకుళంలో రిమ్స్ ఆసుపత్రి క్యాజువాలిటీకి. అక్కడ ముందుగా ఒక్క మాట చెప్పాలి: "రోజూ తాగేవాడు, ఆపి మూడు రోజులైంది, ఒకసారి మూర్ఛ వచ్చింది." సెలైన్ పెట్టకముందే చెప్పు. ఎందుకంటే వీళ్ళకి గ్లూకోజ్ కంటే ముందు బి1 విటమిన్ ఇంజెక్షన్ పడాలి. గుర్తుంటుందా?

కాలర్: రోజూ తాగేవాడు, మూడు రోజులు, మూర్ఛ. నానమ్మ ఓ గుటక పోస్తే తగ్గుతుందంటోంది. పోయమంటారా?

డాక్టర్: ఈ దశలో వద్దు. ఆసుపత్రికే.

వ్యాఖ్యాత: ఫోన్ పెట్టేయ్ అమ్మా, నాన్న దగ్గరికి వెళ్ళు. వీలైతే తర్వాత ఒక మెసేజ్ పెట్టు.

(కాసేపు ఇద్దరూ మాట్లాడలేదు.)

వ్యాఖ్యాత: డాక్టర్ గారూ, ఒట్టు వేయించింది మంచి మనసుతోనే కదా. మాలలు వేసుకుని మానేసేవాళ్ళు ఊరికి పదిమంది ఉంటారు. వాళ్ళకి ఏమీ కాదే?

డాక్టర్: అందరికీ కాదు. అప్పుడప్పుడు తాగేవాడు నిక్షేపంగా మానేయొచ్చు. పొద్దున్నే పడితే గానీ చేతులు ఆగనివాడి సంగతి వేరు. మందు మెదడుని జోకొడుతుంది. ఏళ్ళ తరబడి జోకొడుతుంటే మెదడు దానికి ఎదురు తిరిగి గట్టిగా లాగుతూ ఉంటుంది. తాడు లాగే పోటీలో ఒక జట్టు తటాలున తాడు వదిలేస్తే రెండో జట్టు వెల్లకిలా పడుతుంది చూశారా, అదే ఇది. ఆఖరి గ్లాసు పడిన ఆరేడు గంటల్లో వణుకు, చెమట మొదలవుతాయి. మొదటి రెండు రోజుల్లో మూర్ఛ రావచ్చు. రెండు, మూడు రోజులు దాటాక ఇందాక ఆ పాప చెప్పిన మతిభ్రమణ. వైద్యం అందకపోతే ప్రాణం పోతుంది. అందితే చాలామంది వారంలో లేచి కూర్చుంటారు. పద్ధతిగా మాత్రలిచ్చి, రోజురోజుకీ మోతాదు తగ్గిస్తాం. అందుకే నేను "మానేయ్" అని ఎవరికీ ముందు చెప్పను, "ముందు చూపించుకో" అంటాను. దేవుడికి మొక్కుకోండి, నాకేం అభ్యంతరం లేదు. ఓపీలో చూపించుకున్నాక మొక్కుకోండి.

వ్యాఖ్యాత: తర్వాత పలాస నుంచి. చెప్పండమ్మా.

కాలర్: నమస్తే బాబూ. నేను జీడిపప్పు ఫ్యాక్టరీలో పని చేస్తాను. మా ఆయనకి తెలీకుండా కూరలో మందు కలుపుతున్నాను.

వ్యాఖ్యాత: ఏ మందమ్మా? మనకి రెండిటికీ ఒకటే మాట.

కాలర్: (నవ్వుతూ) మందు మాన్పించే మందు. సంతలో ఒకాయన అమ్మాడు. నాలుగు రోజుల నుంచి. రాత్రి తాగి వచ్చి వాంతులు, మొహమంతా ఎర్రబడి గుండె దడదడలాడిందంట. పని చేస్తోందనుకున్నాను.

డాక్టర్: పొట్లం మీద ఏం రాసుంది?

కాలర్: ఏటీ లేదు. ఆకుపచ్చ కాగితం.

డాక్టర్: ఇవాళ్టితో ఆపేయండి. కాగితం పారేయకండి, నాకు కావాలి. డైసల్ఫిరామ్ అని ఒక మందు ఉంది. అది ఒంట్లో ఉండగా తాగితే మీరు చెప్పినట్టే మొహం ఎర్రబడుతుంది, వాంతులు, దడ, బీపీ పడిపోతుంది. గుండె ఆగినవాళ్ళూ ఉన్నారు. మేమూ ఇస్తాం, కాదనను. కానీ లివర్, గుండె చూసి, ఆయన చేత ఒప్పించుకుని, "ఇది వేసుకుని తాగితే ఇలా అవుతుంది" అని చెప్పి ఇస్తాం. చాటుగా ఎవరికీ ఇవ్వం. ఆపాక కూడా దాని ప్రభావం రెండు వారాల దాకా ఉండొచ్చు. మీ పొట్లంలో ఉన్నది అదేనో, ఇంకేదో చూస్తే గానీ చెప్పలేను. ఆయనకి సంగతి చెప్పెయ్యాలి.

కాలర్: చెప్తే ఊరుకుంటాడా బాబూ? కొడతాడు.

డాక్టర్: రాత్రి చెప్పకండి. తెల్లారి, మత్తు దిగి ఉన్నప్పుడు, పక్కన ఆయన మాట వినే మనిషిని పెట్టుకుని చెప్పండి. కొడతాడని గట్టి భయముంటే మీరు చెప్పనే వద్దు. ముందు మీరు ఒక్కరే నా దగ్గరికి రండి. ఇంటివాళ్ళు మాత్రమే వచ్చి మాట్లాడటానికి ఏ అడ్డూ లేదు. ప్యాసింజర్ ఎక్కి శ్రీకాకుళం రోడ్డు స్టేషన్‌లో దిగితే ఆమదాలవలస నుంచి శ్రీకాకుళానికి ఆటోలుంటాయి. ఆయన్ని తేవాలంటే "తాగుబోతువి, పద" అంటే రాడు. ఆయనకే బాధగా ఉన్నదేదో పట్టుకోండి. నిద్ర పట్టట్లేదనో, కడుపు మంటనో. దాని మీద వస్తాడు. మిగతాది మేం చూసుకుంటాం.

వ్యాఖ్యాత: ఒక్క నిమిషం. గార నుంచి మెసేజ్ వచ్చింది. 108 వచ్చిందట, నాన్నని ఎక్కించారట. అన్నయ్య కూడా వెళ్ళాడట.

డాక్టర్: పాపకి ఆ మూడు మాటలు గుర్తున్నాయో లేదో.

వ్యాఖ్యాత: గుర్తుంటాయి. బొబ్బిలి నుంచి ఒకరు చాలాసేపటి నుంచి వేచి ఉన్నారు.

కాలర్: మా అబ్బాయి విశాఖలో బీటెక్ మూడో ఏడాది. గంజాయి అలవాటైంది. నాతో మాట్లాడటం మానేశాడు, ఫ్రెండ్స్ తన గురించే మాట్లాడుకుంటున్నారని అంటున్నాడు. ఆసుపత్రికి తీసుకెళ్తే పోలీసు కేసు అవుతుందని వాళ్ళ నాన్న భయం. ఎక్కడైనా దూరంగా ఆరు నెలలు పడేస్తే...

డాక్టర్: అమ్మా, పడేయడం అనే మాట వద్దు. కేసు గురించి చెప్తాను. వైద్యానికి తెచ్చినందుకు ఆసుపత్రి కేసు పెట్టదు. 1985 నాటి మత్తుపదార్థాల చట్టంలో 64ఏ అని సెక్షన్ ఉంది. వాడినందుకో, కొద్ది మొత్తం దొరికినందుకో కేసులో ఇరుక్కున్నవాడు కూడా తనంతట తాను ప్రభుత్వం నడిపే, లేదా గుర్తించిన చోట చేరి చికిత్స పూర్తి చేస్తే విచారణ నుంచి మినహాయింపు దొరుకుతుంది. మధ్యలో వదిలేస్తే ఆ రక్షణ పోవచ్చు. అమ్మేవాళ్ళకి ఇది వర్తించదు.

కాలర్: మరి పెళ్ళీ గిళ్ళీ, నలుగురికీ తెలిస్తే?

డాక్టర్: 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం మీ అబ్బాయి వివరాలు మేం బయటపెట్టకూడదు. ఇంకో సంగతి, ఫ్రెండ్స్ తన మీద మాట్లాడుకుంటున్నారన్నది నాకు గంజాయి కంటే ఎక్కువ టెన్షన్ పెడుతోంది. గంజాయి కొందరిలో అలాంటి అనుమానాలు రేపుతుంది. అది మాత్రలతో చూడాల్సింది, తాళం వేసి ఉంచితే పోయేది కాదు. అబ్బాయి విశాఖలోనే ఉన్నాడు కదా. చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. ఇంటికి తెస్తే విజయనగరం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి. దూరం పంపితే మీరు వారానికోసారి వెళ్ళి చూడలేరు. దగ్గర్లో చూపిస్తే మందులైపోయినప్పుడు మళ్ళీ వస్తాడు.

వ్యాఖ్యాత: నంబర్లు ఇప్పుడు చెప్పేద్దాం, రాసుకోండి. మత్తు మానాలనుకునేవాళ్ళకి కేంద్ర ప్రభుత్వ టోల్ ఫ్రీ 14446. ప్రభుత్వ సాయంతో నడిచే పునరావాస కేంద్రాల సంగతి కూడా అక్కడ అడగండి. మానసిక సమస్య ఏదైనా టెలి మానస్ 14416, తెలుగులో మాట్లాడతారు. గంజాయి అమ్మేవాళ్ళ సమాచారం ఇవ్వాలంటే మన రాష్ట్ర ఈగల్ విభాగం 1972. వైద్యం కావాల్సినవాళ్ళు మాత్రం 14446కే చేయండి. రాజాం నుంచి ఎవరో ఉన్నారు.

కాలర్: నాది ప్రశ్న కాదండి, కోపం. మా తమ్ముణ్ణి ఒక ప్రైవేటు సెంటర్‌లో పెట్టాం. ఆటో వెనకాల పోస్టర్ చూసి ఫోన్ చేస్తే రాత్రిపూట కారులో నలుగురొచ్చి ఎత్తుకెళ్ళారు. నెలకి ఇరవై వేలు. రెండు నెలలు ఫోన్ ఇవ్వలేదు. వెళ్ళి చూస్తే వీపు మీద వాతలు. డాక్టర్ని వాడు ఒక్కసారీ చూడలేదంట. తీసుకొచ్చిన సాయంత్రమే తాగాడు.

డాక్టర్: తాగడంలో వింతేమీ లేదు. రెండు నెలలు తాళం పడింది గానీ వైద్యం జరగలేదు. అన్ని సెంటర్లూ అలా ఉండవు, బాగా చూసేవీ ఉన్నాయి. పోస్టర్ మీద పచ్చటి తోట బొమ్మ చూసి తేల్చుకోవద్దు. వెళ్ళి మూడు సంగతులు అడగండి. రాష్ట్ర మానసిక ఆరోగ్య ప్రాధికార సంస్థ రిజిస్ట్రేషన్ కాగితం గోడకి ఉందా? డాక్టర్ ఏ రోజుల్లో వస్తారు, రాత్రి మూర్ఛ వస్తే ఎవరుంటారు? నేను ఎప్పుడొచ్చినా మావాణ్ణి చూడొచ్చా? మూడోదానికి "మొదటి నెల కుదరదు" అన్నారంటే చెప్పులేసుకుని వచ్చేయండి. గొలుసులు వేయడాన్ని చట్టమే నిషేధించింది. తమ్ముడు ఇప్పుడు ఎలా ఉన్నాడు?

కాలర్: ఆసుపత్రి అంటేనే వణికిపోతున్నాడు.

డాక్టర్: అదే అసలు నష్టం. ఓపీలో బల్ల మీద కూర్చోబెట్టి మాట్లాడతామే తప్ప తలుపులేయం అని చెప్పండి. మీరు పక్కనే ఉండండి. 2019లో ఎయిమ్స్ వాళ్ళు దేశవ్యాప్త సర్వే నివేదిక ఇచ్చారు. మందుకి బానిసైనవాళ్ళలో 38 మందికి ఒక్కరికే ఏదో ఒక వైద్యం అందుతోందట. ఆ ఒక్కడికీ ఇలా జరిగితే మిగతా 37 మంది ఎందుకొస్తారు?

వ్యాఖ్యాత: టైం దగ్గర పడింది. చివరి కాల్, చీపురుపల్లి.

కాలర్: సార్, మా ఇంట్లో ఎవరి గురించో కాదు. నా గురించే.

డాక్టర్: చెప్పండి.

కాలర్: టైలర్ని. వయసు నలభై ఆరు. పొద్దున ఓ క్వార్టర్ పడకపోతే సూదిలో దారం ఎక్కదు. పడ్డాక ఎక్కుతుంది. ఇందాక ఆ పాప వల గురించి చెప్తుంటే షాపు షట్టర్ సగం దించి విన్నాను. నేను కూడా మొన్న కనుమ నాడు ఆపేద్దామనుకుని రెండో రోజుకి భయపడి మళ్ళీ మొదలెట్టాను.

డాక్టర్: మీ శరీరం మీకు సరిగ్గానే చెప్పింది. రేపు పొద్దున విజయనగరం సర్వజన ఆసుపత్రికి రాగలరా?

కాలర్: తాగకుండా రాలేను. తాగి వస్తే రానిస్తారా?

డాక్టర్: రండి. రాత్రికి రాత్రి ఆపొద్దు. అలాగని ఆఖరిసారి కదా అని ఎక్కువా వేయొద్దు. బండి నడపొద్దు, ఎవరినైనా వెంటబెట్టుకుని బస్సులో రండి. రక్తపరీక్షలు చేసి, చేర్చుకోవాలా, ఇంటి దగ్గరే మాత్రలతో చూడొచ్చా తేలుస్తారు. మీకు వణుకు ఇంత ఉంది కాబట్టి ఓ వారం, పది రోజులు ఉంచుకోవచ్చు. ఆ తర్వాత తాగాలనే యావ తగ్గడానికి వేరే మాత్రలుంటాయి, అవి నెలల తరబడి. మధ్యలో ఒకసారి జారితే సిగ్గుపడి మానేయకుండా మళ్ళీ అదే ఓపీకి రావాలి. మానేసినవాళ్ళే కూర్చుని మాట్లాడుకునే ఆల్కహాలిక్స్ అనానిమస్ సమావేశాలు కూడా ఉంటాయి, పైసా తీసుకోరు.

కాలర్: పది రోజులా! పెళ్ళిళ్ళ సీజన్ సార్. జాకెట్లు యాభై దాకా ఉన్నాయి.

వ్యాఖ్యాత: అవి ఇంకో టైలర్‌కి ఇప్పించలేరా అన్నా?

కాలర్: ఇప్పించొచ్చు. మా బావమరిదికి కూడా షాపుంది. వాడికి చెప్పాలంటే ఎందుకో కూడా చెప్పాలి.

డాక్టర్: అయితే రేపు వెంటబెట్టుకొచ్చే మనిషి కూడా దొరికినట్టే.

కాలర్: (కాస్త ఆగి) చీటీ రాసేచోట ఏమని చెప్పాలి? పిచ్చి డాక్టర్ అంటే లైన్లో వాళ్ళు చూస్తారు.

డాక్టర్: సైకియాట్రీ ఓపీ అనండి. లైన్లో సగం మందికి అదేమిటో తెలీదు.

కాలర్: సై...?

డాక్టర్: సైకియాట్రీ. తొమ్మిదికల్లా అక్కడుండండి.

కాలర్: ఉండండి, సుద్ద ఉంది, టేబుల్ మీద రాసుకుంటాను.