ళ పలకని గాయని

అందరికీ నమస్కారం. కార్యదర్శి గారు ఫోన్ చేసి "పాత రికార్డింగుల ముచ్చట్లు చెప్పండమ్మా" అన్నారు. చెప్తాను. ముందు ఒక జపాన్ పిల్ల సంగతి చెప్పాలి.

పేరు హత్సునే మికు. మా ఆయనకి అది "మైకు" అనే వినపడింది. వయసు పదహారు. 2007లో వచ్చినప్పుడూ పదహారే, ఇప్పుడూ పదహారే. రెండు పక్కలా కట్టిన నీలి ఆకుపచ్చ జుట్టు మోకాళ్ళు దాటి వేలాడుతుంటుంది. మనిషి మాత్రం లేదు. సప్పోరో నగరంలో క్రిప్టన్ ఫ్యూచర్ మీడియా అనే కంపెనీ అమ్మే సాఫ్ట్‌వేర్ ఈ పిల్ల. మాటలు, స్వరాలు మనం ఎక్కిస్తే పాడుతుంది. 2014లో అమెరికా గాయని లేడీ గాగా కచేరీలకు ముందు పాడింది. 2024 ఏప్రిల్‌లో అమెరికాలో కోచెల్లా సంగీతోత్సవానికీ వెళ్ళింది. ఆ వీడియో మా మనవడు చూపించాడు.

నాకు నవ్వొచ్చింది. గొంతు ఒకరిది, బొమ్మ ఒకరిది అంటే మద్రాసు సినిమా పేట కోడంబాక్కంలో బతికినవాళ్ళకి వింతేముంది? మికు గొంతు కూడా ఆకాశం నుంచి ఊడిపడలేదు. సాకి ఫుజితా అనే డబ్బింగ్ ఆర్టిస్టు స్టూడియోలో కూర్చుని అక్షరాల ముక్కలు పలికింది. ఆ ముక్కల్ని అతికి పాటగా మార్చే విద్య యమహా వాళ్ళది, వోకలాయిడ్ అంటారు.

నేను ఎనిమిదేళ్ళు ట్రాక్ పాడాను. పెద్ద గాయని డేట్లు దొరికేదాకా పని ఆగకూడదు కదా, అందుకని మాతో పాడించి ఉంచేవారు. తర్వాత ఆవిడ వచ్చి విని పాడేది, మాది చెరిపేసేవారు. ఒక పాటలో చరణానికి ముందు నా చిన్న నిట్టూర్పు చెరపడం మర్చిపోయారు. థియేటర్లో అది రాగానే మా ఆయన్ని మోచేత్తో పొడిచాను, "నాదే, నాదే" అని. అర సెకను ఉంటుందేమో. ఫుజితా పేరు మాత్రం మికు అభిమానులందరికీ తెలుసు. అందుకు వాళ్ళని మెచ్చుకోవాలి.

కోచెల్లాలో ఆ అభిమానులకే కోపం వచ్చింది. మామూలుగా మికు కచేరీలో పారదర్శకంగా ఉండే పలక మీదికి వెనక నుంచి బొమ్మ వేస్తారు. వాద్యాలవాళ్ళ మధ్య నిజంగా నిలబడినట్టే ఉంటుంది. కోచెల్లాలో ఎల్‌ఈడీ తెర పెట్టారు. "ఇది టీవీ చూసినట్టుంది" అన్నారు. లేని మనిషి సరిగ్గా రాలేదని గొడవ! కానీ నాకు వాళ్ళ బాధ అర్థమైంది. నెల్లూరు దగ్గర మా ఊళ్ళో తోలుబొమ్మలాట ఆడితే, బొమ్మని తెరకి గట్టిగా ఆనించి పట్టాలి. కాస్త వెనక్కి జరిగిందా, సీత మసకబారేది. పిల్లలం "సీతమ్మ పోయింది, సీతమ్మ పోయింది" అని అరిచేవాళ్ళం. అది తోలని మాకు తెలియక కాదు.

వెనక వాయించేది మాత్రం మనుషులే. వాళ్ళ తిప్పలు చూడండి. మా రోజుల్లో గాయని ఊపిరి తీసుకుంటే వయొలిన్లు ఆగేవి. మికు ఎవరి కోసమూ ఆగదు.

మొన్న మనవడు తెలుగు పాడిద్దామని కూర్చున్నాడు. జపాన్ మాటలు కూడా చాలావరకు మనలాగే అచ్చుతోనే ముగుస్తాయి కాబట్టి "వాన", "మామ" చక్కగా పాడింది. "కళ్ళు" దగ్గర వచ్చింది చిక్కు. జపనీస్‌లో ళ లేదు. ఎన్నిసార్లు కొట్టినా "కరు", "కరు" అంది. చివరికి వాడు ఫోన్ నా నోటి దగ్గర పెట్టి "ఆ ఒక్క మాట నువ్వు పాడు అమ్మమ్మా, అతికిస్తాను" అన్నాడు. ఫ్యాన్ ఆపి, తలుపులు వేసి పాడాను. చెరపొద్దని ముందే చెప్పాను.