పెళ్లికార్డు మీద పాతకాలపు సోకులు

సభకు నమస్కారం. వేదిక మీది పెద్దలందరి పేర్లూ చెప్పడం మొదలుపెడితే నాకిచ్చిన టైమ్ అయిపోతుంది, మన్నించాలి.

నా అంశం పాతకాలపు అలంకార అక్షరాలు. లోపల తెల్లగీత, పక్కన నీడ, చివర్లలో తీగలు. ఇప్పుడు వింటేజ్ ఫాంట్లు అంటున్నాం కదా, అవి. వీటి పుట్టిల్లు పోస్టరు. 19వ శతాబ్దంలో సర్కసులకీ నాటకాలకీ వేలంపాటలకీ దూరం నుంచి కనపడే పెద్ద అక్షరాలు కావాల్సొచ్చాయి. అంత పెద్దవి సీసంతో పోస్తే బరువు, ఖర్చు. 1827లో న్యూయార్క్‌లో డేరియస్ వెల్స్ మరతో చెక్క అక్షరాలు కోయడం మొదలుపెట్టాడు. చెక్క తేలిక, చవక. ఇక ఎవరికి తోచిన సోకులు వాళ్లు చేశారు. దారిన పోయేవాణ్ణి ఆపడమే వాటి పని. నాలుగు మాటలు, పెద్ద సైజు, అంతవరకే.

చరిత్ర ఇంకా రాసుకొచ్చాను గానీ, మా మేనకోడలి పెళ్లికార్డు సంగతి చెప్పకుండా ముందుకు పోలేను. చెన్నై ట్రిప్లికేన్‌లో డీటీపీ, అంటే కంప్యూటర్లో పేజీలు కూర్చే పని చేసి బతికినవాణ్ణి. అయినా నన్నొక మాట అడక్కుండా ఆండర్సన్ స్ట్రీట్‌లో ఏదో షాపులో వేయించేశారు. బంగారు రంగు, అంచుల్లో లతలు, చూడ్డానికి బ్రహ్మాండం. గణపతి శ్లోకం నుంచి ‘బంధుమిత్రుల అభినందనలతో’ దాకా అంతా ఒకటే సోకు ఫాంటు, అదీ 12 పాయింట్ల చిన్న సైజులో! ఆ సైజులో తెల్లగీత మూసుకుపోయింది. వత్తులు మసిచుక్కలయ్యాయి. ‘ధ’ కింది గీత నీడలో కలిసిపోయి, పెళ్లికూతురు మాధవి కాస్తా మాదవి అయింది. నెల్లూరు నుంచి వచ్చిన మా పెద్దమ్మ మండపం పేరు చదవలేక కార్డు ఆటో అతనికి చూపించింది. అతను తమిళుడు, పాపం, అతనేం చదువుతాడు? టి.నగర్‌లో కనపడ్డ మొదటి మండపం దగ్గర దింపేశాడు. ఆవిడ ఎవరి పెళ్లిలోనో టిఫిను చేసి, అక్షింతలు కూడా వేసి, అప్పుడు ఫోన్ చేసింది.

నవ్వకండి. తాళి కట్టే వేళకి ఆవిడ లేదు.

వత్తుల దగ్గరికి మళ్లీ వస్తాను, అసలు గొడవ అక్కడే. ఇంగ్లీషు పెద్దక్షరాలకి పైనా కిందా ఖాళీ ఉంటుంది, సోకులన్నీ అక్కడ చేసుకోవచ్చు. మనకి పైన తలకట్టు, గుడి; కింద వత్తు. ఆ జాగా ముందే నిండిపోయింది. ‘రాష్ట్రం’ అని రాసి దాని కింద తీగ గీయండి చూద్దాం! తెలుగు కోసమే గీసిన ఫాంట్లు ఉన్నాయి కదా. గూగుల్ ఫాంట్స్‌లో ‘రవి ప్రకాష్’ ఉచితం. పేర్లకీ శీర్షికలకీ ముచ్చటగా ఉంటుంది. కింద వివరాలకి ‘మండలి’ లాంటి సాదా ఫాంటు పెట్టి, వరసల మధ్య కాస్త జాగా వదలండి.

ఇళ్లలో పెళ్లిళ్లున్నవాళ్లు చేతులెత్తండి. అమ్మా, మీరూనా? ఫోన్లో పెద్దది చేసి చూసి ఓకే చెప్పకండి. కార్డు ఎంతుంటుందో అంత సైజులో కాగితం మీద ప్రూఫు తీయించి, ఇంట్లో పెద్దవాళ్ల చేతికివ్వండి. ముహూర్తం, మండపం, ఫోన్ నంబరు వాళ్లు తడుముకోకుండా చదివితేనే డబ్బు కట్టండి.

కార్యదర్శి గారూ, మన ఉగాది సంచిక లోపలి పేజీలక్కూడా ఆ తీగల ఫాంటే పెట్టించారని విన్నాను. ఇంకా ప్రింటుకి వెళ్లలేదుగా?